ఎనిమిది వేల చుట్లు

ఈయన్ని గిటారిస్టు అనుకుని పాట అడిగినవాళ్లు చాలామంది భంగపడ్డారు. గిటార్ ఉన్నమాట నిజమే. హాల్లో గోడకి వేలాడుతూ, పొట్ట తెరుచుకుని, లోపలి వైర్లు బయటికి వచ్చి, ఆపరేషన్ సగంలో డాక్టరు టీకి వెళ్లినట్టుంటుంది. వాయించమంటే ఆయన ముఖంలో జాలి కనిపిస్తుంది. ఆ జాలి గిటార్ మీద కాదు, అడిగినవాళ్ల మీద.

ఊరు హైదరాబాదు, ఉద్యోగం సాఫ్ట్‌వేరు, వయసు నలభైకి అటూ ఇటూ. కాలేజీ రోజుల్లో ఒక బ్యాండు ఉండేది. పెళ్లయ్యాక గిటార్ మంచం కిందికి వెళ్లింది, పిల్లవాణ్ని బళ్లో వేశాక మళ్లీ బయటికొచ్చింది. దుమ్ము దులిపి ఆంప్లిఫయరుకి తగిలిస్తే గుర్రుమని చప్పుడు. లోపం తీగల కింద ఉండే పికప్‌లో ఉందని తేలింది. అంతే, పాట అక్కడితో ఆగిపోయింది, అసలు కచేరీ మొదలైంది.

పికప్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఆరు అయస్కాంతపు ముక్కలు, వాటి చుట్టూ రాగి తీగ. పైన స్టీలు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కింద కాయిల్‌లో కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో తేల్చిన సంగతే. యాతనంతా చుట్టడంలో ఉంది. ఆ రాగి తీగ మందం 0.063 మిల్లీమీటర్లు. దాన్ని ఒక చిన్న బాబిన్ మీద ఏడెనిమిది వేల చుట్లు చుట్టాలి. పొడవు చూస్తే కిలోమీటరు దాటుతుంది, తూచి చూస్తే ముప్పై గ్రాములు. ఏడువేల తొమ్మిదో చుట్టు దగ్గర తెగితే ఎవరికీ ఫిర్యాదు చేసుకోవడానికి లేదు.

కొత్త పికప్ కొనుక్కుంటే సరిపోదా అని మీకు అనిపిస్తుంది. ఆయనతో మాత్రం అనకండి. ఆయన తర్కం రెండు మెట్లది. పికప్ కొనడం కన్నా చుట్టుకోవడం చవక. చుట్టే మెషీను కొనడం కన్నా తయారుచేసుకోవడం చవక. ఈ రెండు మెట్లూ ఎక్కడానికి అయిన ఖర్చుతో రెండు మంచి గిటార్లు వచ్చేవని వాళ్లావిడ ఎక్సెల్ షీటులో లెక్క చూపించింది. ఆవిడ ఆడిటరు. ఆయన షీటంతా శ్రద్ధగా చూసి, తరుగుదల వెయ్యలేదని తప్పు పట్టాడు.

అలాగని ఆయన మార్కెట్లో ఉన్న మెషీన్లు చూడలేదనుకోకూడదు. అన్నీ చూశాడు. కెనడాలో చేసేది, చైనాలో చేసేది, అమెరికాలో ఎవరో గ్యారేజీలో ఆర్డరు మీద చేసిచ్చేది, ఒక్కొక్కదాని జాతకం ఆయనకి కంఠతా వచ్చు. ఒకదానికి తీగని అటూ ఇటూ నడిపే ఏర్పాటు లేదు. ఇంకోదాని కౌంటరు వెనక్కి లెక్కపెట్టదు. మూడోది అన్నివిధాలా బాగుంది, అందుకని దానికి కస్టమ్స్ సుంకం ఎక్కువని పక్కన పెట్టాడు.

ఇక తయారీ. మొదటి మెషీను డ్రిల్లింగు మెషీనే. దాని వేగానికి తీగ మూడొందల చుట్లు దాటి బతకలేదు. రెండోదానికి వాళ్లమ్మగారి కుట్టుమిషను మోటారు, కాలి పెడలుతో సహా అర్పణమైంది. చుట్లు లెక్కపెట్టడానికి పాత క్యాలిక్యులేటరు విప్పి, 'ఈజ్ ఈక్వల్ టు' మీటకి ఒక రీడ్ స్విచ్ అతికించి, తిరిగే చక్రం మీద చిన్న అయస్కాంతం పెట్టాడు. ఒకటి ప్లస్ నొక్కి వదిలితే చక్రం తిరిగిన ప్రతిసారీ అంకె ఒకటి పెరుగుతుంది. ఇది నిజంగా ముచ్చటైన ఉపాయం. నాకు చూపించినప్పుడు పికప్ సంగతి నేనూ మర్చిపోయి అంకెలు పెరగడమే చూస్తూ కూర్చున్నాను. ఈ వ్యాధి అంటుకునేది ఇలాగే.

చుట్టేటప్పుడు ఇంట్లో ఫ్యాను వెయ్యకూడదు. గాలికి తీగ ఊగుతుంది, బిగువు మారుతుంది. ఆ ప్రయోగాలు మే నెలలో జరిగాయి. పైన ఉన్న ఫ్యాను ఆగితేగానీ కింద కాయిల్ తిరగని ఆ రోజుల్లో ఆ ఇంటికి చుట్టాలు రావడం మానేశారు.

తీగ కోసం రాణిగంజ్ వెళ్లిన ఘట్టం మాత్రం వివరంగా చెప్పుకోవాలి. అక్కడొక వైండింగ్ షాపు. కాలిన మోటార్లు గుట్టగా పడి ఉన్నాయి. షాపాయన తల ఎత్తకుండా అడిగాడు.

"ఏంది సార్, ఫ్యానా, మోటరా?"

"గిటార్."

అప్పుడు తల ఎత్తాడు. "గిటార్ గూడ కాలిపోతదా?"

కాలలేదనీ, తీగ మాత్రమే కావాలనీ, 42 గేజిదనీ ఈయన చెప్పాడు. ఎన్ని కిలోలన్నాడు షాపాయన. ముప్పై గ్రాములన్నాడు ఈయన. "గ్రాముల లెక్కనైతే పాట్ మార్కెట్‌కు పోండ్రి సార్, బంగారం దుకాన్లు ఆడ్నే ఉంటయి" అని ఆయన మళ్లీ పనిలో పడ్డాడు.

చివరికి ఒక స్పూలు మొత్తం కొనుక్కొచ్చాక తెలిసింది అసలు సంగతి. పికప్ పుస్తకాల్లో రాసే 42 అమెరికన్ గేజి. మన వైండింగ్ షాపుల్లో నడిచేది బ్రిటిష్ వాళ్ల ఎస్‌డబ్ల్యూజీ. ఈ లెక్కలో 42 అంటే పదో వంతు మిల్లీమీటరు, అంటే కావలసినదానికి ఒకటిన్నర రెట్లు లావు. అడగాల్సింది 46. ఇలా పికప్‌లు చుట్టుకునే జాతివాళ్ల ఇళ్లలో అటక మీద వెతికితే ఇలాంటి తప్పు గేజి స్పూలు ఒకటి దొరికి తీరుతుంది.

రెండోసారి వెళ్లినప్పుడు షాపాయన తన మెషీను చూపించాడు. హ్యాండిలు, పళ్లచక్రాలు, చుట్ల లెక్క చూపే మీటరు. ఫ్యాను కాయిల్స్ దాని మీదే చుడతాడట. ఈయన బాల్కనీలో కూర్చుని కష్టపడి కనిపెడుతున్నదంతా అక్కడ నూనె మరకలతో, అగరొత్తుల నుసితో ఎన్నాళ్లనుంచో పనిచేస్తోంది. "బాబిన్ తెచ్చియ్యిండ్రి సార్, పొద్దుమీకి చుట్టిస్త" అని కూడా అన్నాడు ఆ పుణ్యాత్ముడు. అంత మర్యాదగా చేసిన అవమానం ఈయనకి అంతకుముందు జరగలేదు. ఆ మెషీను మీద చుడితే టోన్ రాదని దారిపొడుగునా నాకు నచ్చజెప్పాడు. నచ్చజెప్పుకున్నాడు అనాలేమో.

టోన్ మాట వస్తే ఆయనకి చరిత్ర పూనుతుంది. ఇక గంట సేపు కూర్చోవాలి. సీమోర్ డంకన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు తన పికప్ పాడైతే రికార్డు ప్లేయరు పళ్లెం మీద తిప్పి చుట్టుకున్నాడు. ఆ పళ్లెం వేగం నిమిషానికి 33⅓ చుట్లు. ఎనిమిది వేల చుట్లకి ఎంతసేపు పడుతుందో మీరే లెక్క వేసుకోండి, నాలుగు గంటలు. సెత్ లవర్ 1955లో గిబ్సన్ కంపెనీలో రెండు కాయిల్స్ ఎదురెదురుగా కలిపి హమ్ చప్పుడు చంపేశాడు. పేటెంటు వచ్చింది 1959లో. ఈలోగా 'పేటెంటుకి దరఖాస్తు చేశాం' అని చీటీ అంటించి అమ్మిన ఆ హంబకర్లకి ఇప్పుడు కొత్త గిటార్ల ధర పలుకుతోంది. కాయిల్‌కి ఐదు వేల చుట్లన్నది లెక్క. కానీ విప్పి చూస్తే ఒకదానితో ఒకటి కలవదు. ఫెండర్ కంపెనీలో 1956లో చేరిన అబిగైల్ ఇబార్రా తీగని చేత్తో నడిపిస్తూ చుట్టింది. ఆవిడ పొడి అక్షరాలున్న పికప్ దొరికితే జనం కళ్లకద్దుకుంటారు.

తీగ వరసగా పడకుండా చెయ్యి ఎటు పోతే అటు పడటంలోనే మాధుర్యం ఉందని ఆ భక్తుల నమ్మకం. పొరల మధ్య ఖాళీ పెరిగితే కాయిల్ కెపాసిటెన్సు కొంత తగ్గేమాట నిజమే. మిగతాది భక్తి.

ఈయన మూడో మెషీను పుట్టింది ఆ భక్తిలోంచే. ఆర్డుయినో బోర్డు, రెండు స్టెప్పర్ మోటార్లు, తీగని వెంట్రుకవాసి తేడా లేకుండా నడిపించే స్క్రూ. చుట్టు పక్కన చుట్టు, అద్దం మీద గీత గీసినంత తిన్నగా పడింది. నెలల శ్రమ ఫలించిన ఆ సాయంత్రం ఆయన దిగాలుగా కూర్చున్నాడు. "మరీ సరిగ్గా వస్తోందండీ" అన్నాడు. మర్నాటినుంచి ఆ మెషీనుకి తప్పులు నేర్పడం మొదలుపెట్టాడు. ముందు ర్యాండమ్ ఫంక్షను పెట్టాడు. అది మరీ పిచ్చిగా వణికింది. మనిషి చెయ్యి అలా వణకదు, దానికో నడక ఉంటుంది అన్నాడు. అందుకని నిజమైన చెయ్యి ఒకటి కావలసి వచ్చింది.

ఇంట్లో అందుబాటులో ఉన్న చెయ్యి వాళ్లమ్మగారిది. అరవై ఏళ్లు దీపాలకి వత్తులు చేసిన వేళ్లు. ఆవిడ మణికట్టుకి ఒక సెన్సరు కట్టి, పాత రెండో మెషీను ముందు కుర్చీ వేసి, ఫెల్టు ముక్క మధ్య తీగ పట్టుకోమన్నాడు. ఆవిడ టీవీలో సీరియల్ పెట్టించుకుంది. తన కుట్టుమిషను మోటారు చప్పుడు గుర్తుపట్టి ఒకసారి కొడుకు వంక చూసింది గానీ ఏమీ అనలేదు. విడాకులు, విషప్రయోగం, రెండు ప్రకటనల విరామాలు గడిచాయి. తీగ తెగలేదు. క్యాలిక్యులేటరు ఎనిమిది వేలు చూపించింది.

నేనే మల్టీమీటరు పెట్టి చూశాను. ఆరు కిలో ఓమ్‌లు, స్ట్రాటోకాస్టర్ పికప్‌కి ఉండాల్సినంత. ఆ ఇంట్లో పూర్తయిన కాయిల్ అదొక్కటే. ఆయన దాన్ని చూడనే లేదు, ల్యాప్‌టాప్‌లో వాళ్లమ్మ చేతి గ్రాఫుని పెద్దది చేసి చూసుకుంటున్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగినట్టున్నాయి.

"బాగుందిరా ఈ పని. ఇంకోటి చుట్టమంటావా?" అంది ఆవిడ.

"వద్దులేమ్మా, డేటా సరిపోయింది" అన్నాడు.