తెరవక్కర్లేని మెయిల్

మామిడికాయలు కానీ, కర్నూలు సోనామసూరి కానీ, ఎమ్మిగనూరు దుప్పట్లు కానీ, ఏది అమ్మేవాళ్లకైనా నా మొదటి సలహా ఒకటే. మెయిల్ తెరవాల్సిన పనే లేకుండా సబ్జెక్టు లైను రాయండి.

శిక్షణ తరగతుల్లో దీనికి తలకిందులుగా నేర్పుతారు. ఆరేడు మాటలు దాటొద్దంటారు. ధర దాచమంటారు. చదివేవాడి మనసులో ఒక ప్రశ్న నాటి వదిలేయమంటారు. తర్వాత ఎంతమంది తెరిచారో లెక్క చూసుకోమంటారు. నేను ఆ లెక్క చూడటం మానేశాను, మీరూ మానేయండి.

మా చిన్నాన్న కొడుక్కి బనగానపల్లె దగ్గర నాలుగెకరాల మామిడి తోట ఉంది. అతని మెయిళ్లు నేనే రాస్తాను. మొదటి ఏడాది, తరగతిలో చెప్పినట్టే ‘మీకో తీపి కబురు’ అని పంపాను. బోలెడుమంది తెరిచారు. హైదరాబాదులో ఉంటున్న మా కర్నూలు పెద్దాయన ఒకాయన ఫోన్ చేశాడు. “మీ ఇంట్లో పెండ్లి కుదిరిందేమో అనుకొని తెరిస్తి నాయనా. కాయలా?” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, ఉసూరుమనడం ఉంది. ఆ రోజు నుంచి ఊరించే మాట ఒక్కటి కూడా రాయలేదు.

ఊరించడమే వ్యాపారమనేవాళ్లు సంతలో ఎద్దుల బేరాన్ని ఉదాహరణగా చూపిస్తారు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు కదా, అదీ దాపరికమే కదా అంటారు. కానీ ఆ తువ్వాలు కింద ఇద్దరి చేతులూ ఉంటాయి. దాచేది చుట్టూ నిలబడ్డవాళ్ల దగ్గర, కొనేవాడి దగ్గర కాదు. మెయిల్‌లో గుడ్డ కింద ఉండేది అమ్మేవాడి చెయ్యి ఒక్కటే. మనం నేర్చుకోవలసింది దండోరా వేసేవాడి దగ్గర. తప్పెట కొట్టి, కబురంతా వీధిలోనే చెప్పేసి ముందుకు పోతాడు. తలుపు తీయండి, లోపలికొచ్చి చెప్తానని ఏ ఇంటి ముందూ అనడు.

కాబట్టి పొడుగ్గా రాయండి. ‘తోలు మీద మచ్చలున్నాయి, గాలివాన దెబ్బ, బంగినపల్లి 5 కిలోల పెట్టె 650, కార్బైడ్ పెట్టలేదు, గడ్డిలో 4 రోజులు మాగాల.’ ఇది మేం పంపిన లైనే. ఫోన్ తెర మీద మొదటి ముక్కే కనబడి మిగతాది తెగిపోతుంది. అందుకే లోపం మొదట ఉండాలి. తెగిపోతే మంచి మాట తెగిపోనీ. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి లైనులో ఇరికించొద్దు, ఆ చోటు మచ్చకు కావాలి. బియ్యం అమ్మేవాళ్లు ‘కొత్త బియ్యం, నీళ్లు తగ్గించి వండాల’ అని మొదలుపెట్టండి.

తెలుగులోనే రాయండి. మెయిల్ శీర్షికలు మొదట ఇంగ్లీషు అక్షరాల కోసమే పుట్టాయి కాబట్టి ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లై, దారిలో నాలుగు ఇంగ్లీషు అక్షరాల వేషం వేసుకుని, అవతల మళ్లీ తెలుగవుతుంది. ఆ పద్ధతి 1990ల నుంచీ ఉంది. బరువు పెరుగుతుందని భయపెడతారు. పెరగనివ్వండి, తపాలా బిళ్ల అంటించేది లేదు కదా.

సగం మందికి ఒక లైను, సగం మందికి ఇంకో లైను పంపి ఏది పారిందో చూడమని కూడా చెబుతారు. అది అస్సలు చేయొద్దు. అవుకులో ఉన్న అన్నకు ఒకటి, ప్రొద్దుటూరులో ఉన్న తమ్ముడికి ఒకటి చెబితే పండక్కి ఇద్దరూ కలిసినప్పుడు మన పరువేం కావాలి? కాయ ఒకటే, మాటా ఒకటే.

డాలస్‌లో ఉండి కర్నూలులోని అమ్మానాన్నలకు పెట్టె పంపించమనే పిల్లలు మాకున్నారు. అమ్మకపు మెయిళ్లలో మోసపుచ్చే సబ్జెక్టు పెట్టకూడదని వాళ్లుండే అమెరికాలో 2003లోనే చట్టం చేశారు. అది తెలిశాక నాకు వచ్చిన ఆలోచన ఇది: మోసపుచ్చకపోవడం చాలదు, అమ్మడానికి ఏమీ లేనప్పుడు కూడా కబురు పంపాలి. ఒక ఏడు పూతంతా మాడిపోయింది. ‘ఈ ఏడు కాయ లేదు, డబ్బు పంపొద్దండి’ అని రాసి పంపాం. లోపల ఒక్క అక్షరం లేదు.

ఆ పెద్దాయన మళ్లీ ఫోన్ చేశాడు. “కాయ పోతే పోనీలే నాయనా, చెట్లు నిలిచినాయా?”

మరుసటి ఏడు లైను ‘చెట్లు నిలిచినాయి’ అని మొదలైంది. ధర ఆ తర్వాతే.