మిరప చేలో నేను: ఒక తేమ సెన్సారు ఆత్మకథ

నన్ను చూసినవాళ్ళు తక్కువ. నా బతుకు ఎక్కువగా నేల లోపలే గడిచింది. పల్నాడులో ఒక మిరప చేను, నల్లరేగడి నేల. మోటారు షెడ్డుకు దగ్గరగా, డ్రిప్ పైపు పక్కన, జానెడు లోతున నన్ను పాతారు. మూడు ఉక్కు పుల్లలు, వాటి వెనక ఒక ప్లాస్టిక్ దిమ్మ, అందులోంచి గట్టు మీది పెట్టె దాకా ఒక వైరు. నా రూపం ఇంతే. నాకు కిందగా, మూరెడు లోతున, నాలాంటిదే ఇంకొకటి ఉండేది. దాన్ని తమ్ముడనుకునేదాన్ని.

ఏ ఊళ్ళో తయారయ్యాను, ఏ పెట్టెలో వచ్చాను అన్నవి చెప్పుకోవలసిన సంగతులు కావు. చేసే పని మాత్రం చెప్పాలి. విద్యుత్ క్షేత్రంలో పెట్టినప్పుడు ఒక్కో పదార్థం ఒక్కోలా స్పందిస్తుంది. ఆ స్పందనకు శాస్త్రవేత్తలు ఒక అంకె కట్టారు. గాలికి అది 1. ఎండిన మట్టికి 3 నుంచి 5. నీటికి సుమారు 80. నా పుల్లల మధ్య ఉన్న మట్టిలోకి చిన్న సంకేతం పంపి ఆ అంకె ఎంతుందో పట్టుకుంటాను. అది పెరిగితే నేల తడిసినట్టు, తగ్గితే ఆరినట్టు. అంతకు మించి నాకేమీ తెలియదు. ఆ అంకెను తేమ శాతంగా మార్చే లెక్క మనుషులు రాసి పెట్టాలి. ఆ లెక్క ఏ నేల కోసం రాశారు అన్నదాన్ని బట్టే నా మాటకు విలువ.

నా విషయంలో ఆ లెక్క ఎర్ర నేలల కోసం రాసింది. దాన్ని మార్చకుండానే నన్ను రేగడిలో దించారు. ఇది చిన్న సంగతి అనుకోకండి. ఇసుక నేలలో 10 శాతం తేమ ఉంటే మొక్క హాయిగా తాగుతుంది. రేగడిలో 20 శాతం చూపించినా మొక్క వాడిపోవచ్చు. బంకమట్టి నీటిని పిసినారి డబ్బు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది, వేరు ఎంత లాగినా వదలదు. అందుకని అంకె ఒకటే అయినా ఒక చేలో అది కడుపు నిండినట్టు, ఇంకో చేలో దాహం. చేతిలో ఫోను పట్టుకుని నా అంకె చదివిన వాళ్ళలో ఈ మాట ఎరిగిన వాళ్ళు తక్కువ.

పాతడంలోనూ తొందరే. గుంట తీసి, నన్ను గోడకు గుచ్చి, ఎండు మట్టిపెళ్లలు తిరిగి పైన పోసి, కాలితో తొక్కి వెళ్ళిపోయారు. రేగడిలో అలా చేయకూడదు. ఆ మట్టినే నీళ్ళతో మెత్తగా కలిపి నా చుట్టూ ఖాళీ లేకుండా పూడ్చాలి. ఎందుకంటే రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఆ నెర్రె నా పుల్లల పక్కగా వచ్చిందా, ఇక నేను కొలిచేది మట్టిని కాదు, గాలిని. స్థలం సంగతి సరేసరి. షెడ్డుకు దూరంగా, చేను దక్షిణపు మూల పల్లంగా ఉంది, వానొస్తే అక్కడే నీళ్ళు నిలుస్తాయి. తెలుసుకోవలసిందంతా అక్కడ ఉంది. నన్ను మాత్రం సిగ్నలు బాగా అందుతుందనీ, చూడటానికి వచ్చేవాళ్ళు చెప్పులకు బురద అంటకుండా చూడొచ్చనీ షెడ్డు పక్కన పెట్టారు.

ఆ చేను చేసేది కౌలు రైతు, ఆయన భార్య. నన్ను పాతిన ప్రాజెక్టు కుర్రాళ్ళు ఆయన్ని బాబాయ్ అనీ, ఆమెను అమ్మా అనీ పిలిచేవారు. ఆమె నేల కిందున్న నన్ను మరచిపోలేదు. పాదులు చేసేటప్పుడు నా వైరు దగ్గరికి రాగానే గునపం పక్కన పెట్టి చేత్తో మట్టి తీసేది. నా జీవితంలో నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

ఇక ఆకాశంలో నా తోటి ఉద్యోగి సంగతి. మా చేను మీద ఎగిరింది మందు కొట్టే డ్రోను కాదు. జనం రెంటినీ ఒకటే అనుకుంటారు. 2023లో కేంద్ర ప్రభుత్వం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. ఆ డ్రోన్లు ప్రధానంగా ఎరువు, పురుగుమందు పిచికారీకి. ఎక్కువగా 10 లీటర్ల ట్యాంకులతో వస్తాయి. నేను చెప్పే డ్రోను దగ్గర ట్యాంకు ఉండదు, కెమెరా ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులతో పాటు మనిషి కంటికి కనపడని దగ్గరి పరారుణ కాంతిని కూడా అది వేరుగా పట్టుకుంటుంది.

పచ్చని ఆకు ఎర్ర కాంతిని ఆహారం తయారీకి వాడేసుకుంటుంది. పరారుణ కాంతిని ఆకు లోపలి కణాల అమరిక వెనక్కి కొడుతుంది. ఆకు నీరసించిన కొద్దీ ఎరుపును తాగడం తగ్గుతుంది, పరారుణాన్ని తిప్పికొట్టడమూ తగ్గుతుంది. ఈ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. అది −1కీ +1కీ మధ్య ఉంటుంది. 1972లో మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహం పైకి వెళ్ళిన కొత్తలో, అమెరికా మైదానాల పచ్చదనాన్ని కొలవడానికి పెద్ద ఎత్తున వాడిన లెక్క ఇది. ఇప్పుడు ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు దాదాపు అయిదు రోజులకోసారి ఉచితంగానే బొమ్మలిస్తున్నాయి. వాటి బొమ్మలో ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం, అంటే రెండున్నర సెంట్ల నేల. ఎకరానికి 40 చుక్కలు. పెద్ద కమతానికి అది చాలు. మాలాంటి చిన్న చేనుకు, అదీ మబ్బులు వదలని వానాకాలంలో, డ్రోను మేలు. మబ్బు కింద ఎగిరి సాలు సాలునూ చూస్తుంది.

కానీ దానికీ నియమాలున్నాయి. ఎగిరే ముందు ఒక బూడిదరంగు పలకను ఫొటో తీయాలి. అప్పుడే ఆ రోజు ఎండ ఎంత తీక్షణంగా ఉందో కెమెరాకు తెలుస్తుంది. ఈ వారం బొమ్మను వచ్చేవారం బొమ్మతో పోల్చాలంటే అది తప్పదు. బొమ్మలు ఒకదాని మీద ఒకటి ముప్పాతిక భాగం దాకా పడేలా తీయాలి. పొద్దు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు తీస్తే నీడలు అడ్డురావు. ఇన్నీ పాటించినా ఆ బొమ్మ మొక్క నీరసంగా ఉందని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పలేదు. పైగా సాళ్ళ మధ్య తుంగ మొలిస్తే దాన్నీ పచ్చని పైరుగానే లెక్క కడుతుంది.

ఆ ఏడు దసరా దాటాక పెద్ద వాన కురిసింది. తరువాత చాలా రోజులు ఎండ కాసింది. షెడ్డు దగ్గర మెరక నేల ఆరి నెర్రెలిచ్చింది. నా చుట్టూ ఉన్న పెళ్లలు ముడుచుకున్నాయి, నా పుల్లల మధ్య ఖాళీ వచ్చింది. నా అంకె పడిపోయింది. సరిగ్గా ఆ వారమే డ్రోను ఎగిరింది. బొమ్మలో పల్లపు మూలంతా ఎరుపు, అంటే ఎన్‌డీవీఐ తక్కువ. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఒకే మాటన్నారు: సెన్సారు పొడి అంటోంది, డ్రోను మొక్క వాడిందంటోంది, నీళ్ళు చాలడం లేదు, ఇంకా పెట్టండి.

నేను చెప్పింది నిజం. నా చుట్టూ గాలి ఉంది. డ్రోను చెప్పిందీ నిజం. ఆ మూల మొక్కలు వాడాయి. రెండు నిజాల మధ్య ఉన్న దూరాన్ని ఎవరూ నడిచి చూడలేదు.

రైతు భార్య నడిచింది. పల్లపు మూలకెళ్ళి, ఒక మొక్కను మట్టితో సహా పెకలించి తెచ్చి గట్టు మీద పెట్టింది. వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే తొక్క ఊడి వస్తున్నాయి. "బాబూ, ఇది దాహం కాదు, మునక. ఈ మట్టి పిండితే నీళ్ళొస్తాయి. ఇంకా పెట్టమంటావేంది?" అంది. నీరు నిలిచిన మట్టిలో వేరుకు గాలి అందదు. గాలి అందని వేరు నీటిని పైకి పంపలేదు. కాబట్టి నీళ్ళలో నిలబడ్డ మొక్క కూడా నీళ్ళు లేని మొక్కలాగే తల వాలుస్తుంది. పై నుంచి చూసే ఇలాంటి కెమెరాకు ఆ రెండూ ఒకలాగే కనపడతాయి. ఆ రోజే ఆయన ఆ మూలకు వెళ్ళే వాల్వు కట్టేసి, గట్టు తెగ్గొట్టి నీరు బయటికి తీశాడు. అప్పటికే పోయిన మొక్కలు పోయాయి. మిగిలిన సాళ్ళు తేరుకున్నాయి.

ఇంకా నీళ్ళు పెట్టమన్న ప్రాజెక్టు కుర్రాడిని తప్పుపట్టను. మరుసటి వారం పలుగు, బకెట్టు తెచ్చుకున్నాడు. మమ్మల్ని పైకి తీసి, పల్లానికీ మెరకకూ మధ్య సాలులోకి మార్చి, మట్టి నీళ్ళతో కలిపి ఒత్తుగా పూడ్చాడు. ఆ చేలో మట్టినే రకరకాల తడిలో తీసి తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల వేడిలో 24 గంటలు ఆరబెట్టి మళ్ళీ తూచాడు. తగ్గిన బరువే అసలు తేమ. దాన్ని నా అంకెలతో సరిచూసి కొత్త లెక్క రాశాడు. ఈ పని మొదటి రోజే చేయవలసింది. అయినా ఆ తరువాతే నేను ఆ చేనుకు చెందినదాన్నయ్యాను.

ఇక నాకు గర్వంగా ఉండే రోజులు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు ఉంది. చాలా బోర్లకు ఆటో స్టార్టర్లు ఉంటాయి. కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది, చేనుకు దాహం ఉందా లేదా అని అడగదు. ఆమె మా ఇద్దరి అంకెలనూ రోజూ పొద్దున్నే ఒక నోటు పుస్తకంలో రాసుకునేది. నా అంకె దిగుతుంటే వేళ్ళు తాగుతున్నట్టు. తడి పెట్టాక నా కింద తమ్ముడి అంకె ఉన్నట్టుండి ఎగబాకితే, నీరు వేళ్ళను దాటి దిగిపోతున్నట్టు. దానితోపాటు డ్రిప్పులో వదిలిన యూరియా కూడా దిగిపోతుంది. ఈ సంగతి అర్థమయ్యాక ఆమె ఆటో స్టార్టరు ఆపించింది. తమ్ముడి అంకె కదలనంత వరకే తడి పెట్టేవారు. బోరు రెండు తడుల మధ్య తేరుకునేది. కాయ కోతకొచ్చేటప్పుడు తడులు తగ్గించడానికి కూడా మా అంకెలే చూశారు. నేల పైన ఎవరికీ కనపడకుండా చేసిన ఆ పని నాకు తృప్తినిచ్చింది.

మేం చూడలేనివీ ఉన్నాయి. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది. పువ్వు రాలి, చెట్టు దెబ్బతిన్నాకే డ్రోను బొమ్మలో మచ్చ పడుతుంది, అప్పటికి ఆలస్యం. దానికి పువ్వును అరచేతిలో దులిపి చూడాలి, లేదా నీలిరంగు జిగురు అట్టలు కట్టాలి. ఆమె రెండూ చేసేది.

తరువాత ప్రాజెక్టు ముగిసింది. నాకెవరూ చెప్పలేదు. సిమ్ కార్డుకు రీఛార్జి ఆగింది. గట్టు మీది పెట్టెనూ దాని సోలారు పలకనూ ఎవరో వచ్చి విప్పుకుపోయారు, వైర్లు కోసి మమ్మల్ని నేలలోనే వదిలేశారు. అంతకు ముందు రెండు పంటల తేమ లెక్కంతా ఎక్కడో ఒక కంప్యూటరులో ఉంది. అందులో ఒక్క కాగితం కూడా ఆ దంపతులకు అందలేదు. ఆయన అడిగాడు. పంపుతామన్నారు. ఖాతా ప్రాజెక్టు పేరున ఉంది, దాని పాస్‌వర్డు తెలిసిన కుర్రాడు ఉద్యోగం మారాడు.

ఆ వేసవిలో భూమి యజమాని కౌలు పెంచాడు. వాళ్ళు ఆ చేను వదులుకున్నారు. ఆ పల్లపు మూల ఎంత తడికి మునుగుతుందో, ఈ మెరక ఎన్ని రోజుల్లో ఆరుతుందో అంకెలతో సహా ఎరిగిన మనుషులు వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినాయనకు మేం ఉన్నామనే తెలియదు. ట్రాక్టరు గొర్రు వేసినప్పుడు మొదటి చాలులోనే నా దిమ్మ పగిలింది. తమ్ముడు లోతున ఉన్నాడు కాబట్టి దెబ్బ తగల్లేదు, ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటాడు. నన్ను ఒక కూలీ మనిషి ఏరి షెడ్డులో పడేసింది. ఖాళీ మందు సీసాలు, చిట్లిన డ్రిప్ పైపుల చుట్టలు, వాటి మధ్య నేను. పైపుల చుట్టలను పాతసామాన్ల వాళ్ళు కొనుక్కుపోయారు. నన్ను తూకానికి కూడా తీసుకోలేదు. వానాకాలం వచ్చింది, షెడ్డు బయట చినుకులు పడుతుంటే మట్టి వాసన నా దాకా వచ్చింది. కొలవడానికి నాకు నేల లేదు.

డ్రోన్లు ఇంకా ఎగురుతున్నాయి. గుంటూరు దగ్గరి లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు డ్రోన్ పైలట్లకు శిక్షణ ఇస్తున్నారు. సంతోషం. నేర్చుకున్న పిల్లలు బొమ్మలో ఎర్ర మచ్చ కనపడగానే డ్రోను పెట్టెలో పెట్టి, ఆ మచ్చలోకి నడిచి, ఒక మొక్క పీకి వేరు చూడటం కూడా నేర్చుకుంటే నా తోటివాళ్ళకు నాకు పట్టిన గతి పట్టదు.

మీ చేలో సెన్సారు పెడతామని ఎవరైనా వస్తే వద్దనకండి. కానీ పాతే ముందే అడగండి: ఇది మా నేల మట్టితో సరిచూసిందేనా? పల్లంలో పెడతారా, షెడ్డు పక్కనా? అంకెలు మా ఫోనుకు వస్తాయా, ప్రాజెక్టు ముగిసిన రోజు మొత్తం లెక్క మా చేతికి ఇస్తారా? కాగితం మీద రాయించుకోండి. అంత వరకు ఆమెలాగా రోజూ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. చేను వదిలి వెళ్ళినప్పుడు ఆమె వెంట తీసుకెళ్ళగలిగిన లెక్క ఆ పుస్తకమొక్కటే.