పదునాలుగవ నంబరు సైకిలు ఆత్మకథ

నేనొక అద్దె సైకిలును. మదరాసు చెంత అంబత్తూరున, 1949లో స్థాపింపబడిన కర్మాగారమున హెర్క్యులీస్ నామధేయముతో జన్మించి, రైలుపెట్టెలో హైదరాబాదు చేరి, మాసబ్ ట్యాంకు నందలి యొక సైకిల్ టాక్సీ దుకాణమున వెనుక మడ్గార్డుపై తెల్లరంగుతో 14 అను సంఖ్యను ధరించి, గంటకింతయని యద్దె చెల్లించిన ప్రతివాని వెంట నడచుటయే వృత్తిగా బ్రతికినదానను. వేనవేలు సవారీలలో ననేకము మరపున బడినవి. 1957వ సంవత్సరపు వేసవిలో నొక రాత్రి మాత్రము మరపునకు రాలేదు.

మాసబ్ అనునది మాసాహెబా యను మాట వాడుకలో నలిగిన రూపము. మహమ్మద్ కులీ కుతుబ్ షా పుత్రికయు, సుల్తాన్ మహమ్మదునకు భార్యయు, అబ్దుల్లా కుతుబ్ షాకు జననియు నైన హయాత్ బక్షీ బేగమును ప్రజలు మాసాహెబా యని గౌరవముతో పిలిచెడివారు. ఆమె పేర వెలసిన చెరువే మా పేటకు పేరైనది. నేడా చెరువు లేదు. చాచా నెహ్రూ ఉద్యానవనమున పిల్లలాడుకొనుచున్న నేల దాని గర్భమే. తల్లిని తలపించు పేరుగల యా పేటకు, తల్లులను దూరపుటూళ్లలో విడిచి వచ్చిన యువకులు బస వెదకికొనుచు చేరుట నాకు మిక్కిలి సముచితముగా తోచెడిది.

అట్లు చేరినవారిలో నిద్దరు గుమాస్తాలుండిరి. ఒకడు గుంటూరు వాడు. మరొకడు కర్నూలు వాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు కర్నూలులో గుడారముల క్రింద నడచిన కచేరీలలో పనిచేసి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణముతో కాగితపుకట్టల వెంట నీ నగరమునకు తరలివచ్చినవారు. ఆఫీసులో వారి ప్రక్క బల్లకడ కూర్చుండు స్థానికుడొకడు, పూర్వపు హైదరాబాదు రాష్ట్రపు ఉద్యోగి, పరిచయమై పక్షము దినములైనను కాకమునుపే, సెకండ్ షోకు పోవుదమని వారిని పిలిచెను. ఆ మార్చి 27న విడుదలైన మాయాబజారు చిత్రమును జూడని తెలుగువాడప్పటికి లజ్జపడెడివాడు. గుంటూరు వాడు నన్నద్దెకు గొనెను. కర్నూలు వాడు నా క్యారియరుపై గూర్చుండెను. స్థానికుడు తన సొంత సైకిలుపై ముందు నడచెను. “దీపం జాగ్రత్త సార్, రాత్రి పోలీసోళ్లు పడుతరు” అని మా యజమాని నా లాంతరులో కిరసనాయిలు పోసి, వత్తి సవరించి పంపెను.

ఆట విడిచిన పిమ్మట ఆబిడ్సునుండి నాంపల్లి స్టేషను చేరువకు వచ్చి, ఇంకను తలుపులు మూయని యొక ఇరానీ హోటలున ముగ్గురును గూర్చుండిరి. వాకిట గోడకు జేరబడి నేను వారి మాటలు వినుచుంటిని. గుంటూరు వాడు కాఫీ యడిగెను, లేదనిరి. ఉస్మానియా బిస్కత్తును చాయలో ముంచి తినుటెట్లో స్థానికుడు నేర్పగా, ఆతడు రెండవ కప్పును తానే తెప్పించుకొనెను. నయా పైసలు చెలామణికి వచ్చి రెండు నెలలైనను కాలేదు. పదునారణాలకు నూరు పైసలైనప్పుడు అణాకు ఆరా, ఆరుంబావా యని మొదలైన చర్చ, ఏడు హాలీ (హైదరాబాదు) రూపాయలకు ఆరు కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయలు లెక్కగట్టిన నిజాము కాలపు మారకముదాక సాగెను. “మాకు లెక్కలు మార్చుడు కొత్త గాదు సార్” అని స్థానికుడు నవ్వెను. అంతవరకు వారు ఒకరినొకరు ‘మీరు’ అనియే సంబోధించుకొనుచుండిరి.

హోటలునుండి బయలుదేరి బాగే ఆం ఉద్యానవనము దాటునప్పటికి గాలి కొట్టి నా దీపమారినది. మరుక్షణమే ఈల వినబడెను. దీపము లేకుండుట యొకటి, డబుల్ సవారీ రెండవది. నేరములు రెండును నావే. ఆ కానిస్టేబులు వారిని నఖశిఖపర్యంతము పరికించి, క్రొత్తవారని గ్రహించి, జరిమానా మాట యెత్తక, “పైదల్ జావో” అని మాత్రమనెను. అగ్గిపెట్టెలోని పుల్లలన్నియు గీచినను, నూనె యింకిన వత్తి వెలుగలేదు.

“మీరు సైకిలు మీద వెళ్లిపోండి, మేము నడుచుకుంటూ వస్తాం” అని గుంటూరు వాడనెను.

“నడువుండి సార్, నాకు గూడ ఇటే” అని స్థానికుడు దిగి, వెలుగుచున్న తన దీపమును ముందుంచుకొని నడువసాగెను.

లకడీకాపూల్ మీదుగా మాసబ్ ట్యాంకునకు సుమారు రెండు మైళ్లు. ఆ రెండు మైళ్లును నన్ను వంతులవారీగా త్రోసికొని పోయిరి. నా హాండిలుపై చేతులు మారినప్పుడెల్ల మాటయు మారుచుండెను. గాలివాన రాత్రి గుడారపు త్రాళ్లను బట్టుకొని నిలిచిన వృత్తాంతమును కర్నూలు వాడు చెప్పెను. తల్లికి జాబు వ్రాసినప్పుడు ఈ యూరి యన్నము రుచింపదని వ్రాయలేక, బాగున్నదని వ్రాసితినని గుంటూరు వాడు చెప్పి, కొంతదూరము మౌనముగా నడచెను. ఏ.సీ. గార్డ్స్ కడకు వచ్చినప్పుడు, నిజాము కొలువున నుండిన ఆఫ్రికావాసుల ఆశ్వికదళము పేరే యా పేటకు నిలిచినదనియు, వారి సంతతివారిప్పటికిని అచ్చటనే నివసించుచున్నారనియు స్థానికుడు వివరించి, “సముద్రం దాటొచ్చినోళ్లే ఈడోళ్లయిన్రు. నువ్వెంత దూరం నుంచొచ్చినవ్?” అని యడిగెను. ‘నువ్వు’ అను నా మాటను మొట్టమొదట బలికినది అతడే. తరువాత ‘మీరు’ అను మాట వారి నడుమ నేను వినలేదు.

దుకాణము మూసియున్నందున నన్ను బసయింటి వసారాలో గొలుసు వేసి నిలిపిరి. అతడు వీడ్కోలు చెప్పి, వచ్చిన త్రోవనే వెనుకకు మరలి పోవుట, ఆ చిన్న దీపము క్రమముగా చీకటిలో గలియుట, నేనొక్కదాననే చూచితిని. వారు తలుపు వేసికొని యుండిరి.

నెలదినముల పిదప అతడు వారిని భోజనమునకు బిలిచెను. మరల నన్నే యద్దెకు గొని పోయిరి. అతని యిల్లు నాంపల్లి స్టేషను వెనుక వీథిలో, ఆ రాత్రి వారు చాయ త్రాగిన హోటలునకు నూరడుగుల దూరమున నుండెను.