మేడ మీదికి ట్రంక్ కాల్

ఇంట్లో రెండు ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్లున్నాయనుకుందాం. ఒకటి కింద హాల్లో, ఇంకోటి మేడ మీద గదిలో. రెంటికీ చెరో పాత ల్యాండ్‌లైన్ సెట్టు తగిలించారు, రెంటినీ ఒకే రూటర్‌కి కలిపారు. కింద రెండంకెలు నొక్కితే పైన గంట మోగాలి, అంతే కోరిక. ఇంత చిన్న పనిని నెలల తరబడి సాగదీసే విద్య నా దగ్గరుంది. ఉచితంగా చెబుతాను, రాసుకోండి.

ముందుగా, ఆ రెండు పెట్టెలూ నేరుగా మాట్లాడుకోగలవన్న సంగతి మరిచిపోండి. ఇంటర్నెట్ ఫోన్లు వాడే సిప్ పద్ధతిలో ఒక పెట్టె ఇంకో పెట్టె ఐపీ అడ్రస్‌కి సరాసరి కబురు పంపగలదు, మధ్యలో ఏ కంపెనీ అక్కర్లేదు. గ్రాండ్‌స్ట్రీమ్ పెట్టెల్లో *47 కొట్టి, అడ్రస్‌లో చుక్క ఉన్నచోటల్లా స్టార్ నొక్కితే చాలు. లింక్‌సిస్, సిపురా పెట్టెల్లోనైతే ఏ అంకెలు నొక్కితే ఎక్కడికి పోవాలో చెప్పే డయల్ ప్లాన్‌లో ఒక ముక్క రాసి, రిజిస్ట్రేషన్ లేకున్నా కాల్ చేయనివ్వాలా, ఎత్తనివ్వాలా అన్నచోట రెండింటికీ సరేననాలి. అయిపోయింది. ఇలా పది నిమిషాల్లో తేలిపోయే పనికి చుట్టాల్లో ఏం విలువ? అమెరికాలో సర్వరున్న సర్వీసొకటి చూసి రెండు ఖాతాలు తెరవండి. మెట్ల కింద అన్న మాట సముద్రాలు దాటి వెళ్ళి, మళ్ళీ సముద్రాలు దాటొచ్చి మెట్ల మీద వినబడుతుంది. కాస్త ఆలస్యమవుతుంది, ఒకరి మాట మీద ఒకరు పడుతుంటారు, అదీ ఒక అందమే. వీధిలో ఎవరో ఫైబర్ తెంపిన రోజున కింది నుంచి పైకి కూడా ఫోన్ పోదు. అప్పుడు మెట్లున్నాయిగా.

పొదుపు సంగతి. మాటని అంకెల్లోకి మార్చే జీ.711 కోడెక్‌తో ఒక కాల్‌కి ఒక్కో దిక్కున సెకనుకి 87 కిలోబిట్ల దాకా పడుతుంది. ఇంటి తీగకి వంద మెగాబిట్ల సత్తా ఉందన్నది వేరే విషయం. అయినా సరే, తక్కువతో సరిపెట్టే జీ.729 పెట్టి గొంతుని నలిపేయండి.

అడాప్టర్లకి స్థిరమైన అడ్రస్ ఇవ్వొద్దు. రూటర్‌లో ఫలానా పెట్టెకి ఫలానా అడ్రస్ అని రిజర్వ్ చేసే పేజీ ఉంటుంది, దాని జోలికి పోవద్దు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటర్ తనకి తోచినట్టు అడ్రసులు పంచనివ్వండి. నిన్న మేడగదిది అయిన 192.168.1.21 ఇవాళ టీవీది అవుతుంది. మీరు టీవీకి ఫోన్ చేస్తారు, అది ఎత్తదు. సిపురా పెట్టెకి తగిలించిన ఫోన్‌లో నాలుగు స్టార్లు నొక్కి 110# కొడితే ఆ పెట్టే తన అడ్రస్ చదివి వినిపిస్తుంది. కానీ వినడం మొదలుపెడితే సమస్య తీరిపోయే ప్రమాదం ఉంది.

ఇక డయల్ ప్లాన్. అసలు సరదా అంతా ఇక్కడే. లింక్‌సిస్‌లో మీరు అంకె నొక్కాక ఇంకో అంకె వస్తుందేమోనని పెట్టె కాసేపు ఆగుతుంది. ఫ్యాక్టరీ లెక్క ప్రకారం నంబరు అసంపూర్ణంగా ఉంటే పది సెకన్లు, సరిపోయేలా ఉంటే మూడు. ఆగే ఓపిక లేనివాళ్ళు నియమం చివర ఎస్ సున్నా అని రాస్తారు, అంటే నంబరు సరిపోయిన వెంటనే కలిపెయ్ అని. మంచిదే. దానికి తోడు వంటింట్లోనూ ఒక పెట్టె పెట్టి 10 అనే నంబరివ్వండి, గుర్తుంచుకోవడం తేలిక. ఆ తర్వాత ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోక 108 కొడితే మొదటి రెండంకెలకే పెట్టెకి అర్థం చిక్కిపోతుంది, మూడోది వినదు. వంటింట్లో గంట మోగుతుంది. 100 కొట్టినా అంతే. ఇంటి నంబర్లు 2తోనో 3తోనో మొదలుపెడితే ఈ తంటా ఉండదని కొందరు చాదస్తులంటారు.

గంట మోగించే సిప్, గొంతు మోసే ఆర్‌టీపీ వేర్వేరు దారుల్లో నడుస్తాయి. కాబట్టి గంట బ్రహ్మాండంగా మోగి, ఎత్తాక నిశ్శబ్దం రాజ్యమేలే ఏర్పాటు సాధ్యమే. స్టన్ ఆన్ చేయండి. అప్పుడు పక్క గదిలో ఉన్న పెట్టెకి మీ పెట్టె తన ఇంటి అడ్రస్ చెప్పకుండా, బయటి ప్రపంచానికి కనిపించే అడ్రస్ చెబుతుంది. బయటికి వెళ్ళబోయిన గొంతుని వెనక్కి మళ్ళించడం చాలా ఇళ్ళ రూటర్లకి చేతకాదు. రెండు వైపులా "హలో, హలో". చివరికి అరిస్తే మేడ మీదికి ఎలాగూ వినిపిస్తుంది.

ఇంకా సందడి కావాలంటే 5060 పోర్టు ఇంటర్నెట్‌కి బార్లా తెరిచి, అడాప్టర్‌ని రూటర్ కాపలా లేని డీఎంజెడ్‌లో కూర్చోబెట్టండి. ప్రపంచంలోని పోర్టులన్నీ తట్టుకుంటూ తిరిగే ప్రోగ్రాములుంటాయి, రాత్రి రెండింటికి మీ తలుపూ తడతాయి. కాలర్ ఐడీలో 100 అనో 1000 అనో కనిపిస్తుంది, ఎత్తితే ఎవరూ ఉండరు. పాస్‌వర్డు ఫ్యాక్టరీది అలాగే ఉంచితే, వాళ్ళు మీ ఖాతాతో ఏ దూరదేశానికో మాట్లాడుకుంటారు. బిల్లు మాత్రం మీకే.

గోడకున్న పాత టెలిఫోన్ సాకెట్‌లో అడాప్టర్ తీగ గుచ్చితే అన్ని గదులకీ ఫోనొస్తుందని విన్నారా? నిజమే. బయటి నుంచి వచ్చే లైను ముందు విడదీయాలన్న మాట మాత్రం పెడచెవిన పెట్టండి. ఆ లైన్లో 48 వోల్టుల దాకా ఉంటుంది, అడాప్టర్ కూడా తన వోల్టులు తాను తోస్తుంది. గెలుపు ఎక్స్ఛేంజ్‌దే.

ఎఫ్ఎక్స్ఓ అనే రంధ్రం ఉన్న పెట్టె దొరికితే మరీ అదృష్టం, దానికి ల్యాండ్‌లైన్ తగిలించవచ్చు. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి నెట్ మీదుగా మీ పెట్టెకొచ్చి, మీ లైన్లోంచి ఊళ్ళో అందరికీ లోకల్ కాల్స్ చేసుకోవచ్చు. తర్వాత వాడి స్నేహితులు, వాళ్ళ స్నేహితులు. లైసెన్సు లేకుండా ఇలా కలపడం మన దేశంలో నేరం, దీన్నే అక్రమ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ అంటారు. పోలీసులొస్తే కంగారు పడకండి. కుర్చీ వేసి, డయల్ ప్లాన్ ప్రింటు తీసి చేతికివ్వండి. అది చదివి అర్థం చేసుకునేలోగా కాఫీకి చెప్పొచ్చు, వంటింటి నంబరు 10.