చిల్లు చిన్నది, బిల్లు పెద్దది

ఇక మన నడుములకు ఢోకా లేదు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం ‘హీల్ ఇన్ ఇండియా’ అన్నది. హైదరాబాద్‌ను ఆరోగ్య పర్యాటకానికి అడ్డా చేస్తామని రాష్ట్రం అంటున్నది. ఆ మాటలు గాలిలో ఉండగానే మస్కట్‌లో, దోహాలో, దమ్మాంలో ఉన్న మా జగిత్యాల పోరగాళ్ల ఫోన్లు మోగడం మొదలైంది. నడుం నొప్పా? విమానం ఎక్కు. వీపుకు చిన్న చిల్లు, అదే రోజు ఇంటికి. ఎయిర్‌పోర్టు నుంచి కారు ఫ్రీ, వెంట వచ్చినవారికి మంచం ఫ్రీ, డాక్టరుగారితో సెల్ఫీ కూడా ఫ్రీయే కావచ్చు.

ఇన్నేళ్లూ కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు కూలీలు పోయారు. ఇప్పుడు ఆ కూలీలే పర్యాటకులై వస్తున్నారట. సిమెంటు బస్తాలు మోయను పోయినవాడు టూరిస్టుగా దిగడం కన్నా ప్రగతి ఏముంటుంది? అతను చూడదగిన స్థలాలు మూడు: ఎంఆర్ఐ గది, ఆపరేషన్ థియేటర్, బిల్లు కౌంటరు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడి, దాని గేటు ముందు ఎన్ని ధర్నాలు జరిగినా తెరుచుకోలేదు గానీ, మన వీపులు తెరవడానికి మాత్రం పెట్టుబడులు బాగానే వస్తున్నాయి.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఆ చిల్లు కొలత. మన దగ్గర ప్రతిదీ పెద్దగా ఉండాలి. పెళ్లి పెద్దది, పందిరి పెద్దది, ఫ్లెక్సీలో నాయకుడి తలకాయ అన్నిటికన్నా పెద్దది. ఒక్క వీపు చిల్లు దగ్గరికి వచ్చేసరికి ఎవరిది చిన్నదన్న దానిపై పోటీ. ఒక ఆసుపత్రివారు అంగుళం అంటారు. పక్కవారు అరంగుళం అంటారు. మూడోవారు ఎనిమిది మిల్లీమీటర్లంటూ స్కేలు పట్టుకున్న చేతి ఫొటో వేస్తారు. నాలుగోవారు కుట్టే అక్కర్లేదు, చిన్న పట్టీ అంటిస్తే చాలంటారు. ఈ వేలంపాట ఇట్లాగే కిందికి పోతే ఏదో ఒకరోజు అసలు చిల్లే లేని ఆపరేషన్ వస్తుంది. ప్యాకేజీ రేటు మాత్రం అట్లాగే ఉంటుంది.

ఇంతకూ ఆ చిల్లు లోపల జరిగేదేమిటి? వీపు కండను కోయకుండా, ఒకదాని మీద ఒకటి కాస్త పెద్ద గొట్టాలు దూర్చి దారి వెడల్పు చేస్తారు. చివరి గొట్టంలోంచి మైక్రోస్కోపో, కెమెరానో పెట్టి చూస్తూ, అవసరమైతే పూస అంచును కాస్త చెక్కి, నరాన్ని పక్కకు జరిపి, దాన్ని నొక్కుతున్న డిస్క్ ముక్కను తీస్తారు. మామూలు ఆపరేషన్‌లో తీసేదీ ఆ ముక్కనే. జరిపేదీ ఆ నరాన్నే. దొంగ తలుపు పగలగొట్టి వచ్చాడా, వెంటిలేటర్‌లోంచి దూరాడా అన్నది పంచనామాలో రాసుకునే సంగతి. ఇంటాయన చూసుకోవాల్సింది బీరువాలో ఏం మిగిలిందన్నది.

పోనీ, ఆ మామూలు ఆపరేషన్ అయినా బారెడు కోతా? ఈ ఆసుపత్రుల ప్రకటనల్లో ఎడమ పక్క మెడ నుంచి నడుం దాకా కుట్లున్న వీపు, కుడి పక్క ఆవగింజంత మచ్చ ఉంటాయి. ఆ ఎడమ పక్క వీపు ఏ కాలానిది? డిస్క్ జారి నరాన్ని నొక్కితే కాలు గుంజుతుందని అమెరికాలో మిక్స్టర్, బార్ అనే డాక్టర్లు తేల్చి చెప్పింది 1934లో. మైక్రోస్కోపు కింద చిన్న కోతతో ఆ ముక్కను తీసే పద్ధతిని యాసర్గిల్, కాస్పర్ 1977లోనే ప్రకటించారు. గొట్టంలోంచి కెమెరాతో తీసే పద్ధతిని ఫోలీ, స్మిత్ 1997లో తెచ్చారు. అంటే అసలు పోటీ అంగుళానికీ, అంగుళంన్నరకూ మధ్య. నిన్న రాత్రి జర్మనీ నుంచి దిగినట్టు చెప్తున్న ఈ ‘సరికొత్త’ గొట్టం వయసు ముప్పై ఏళ్లకు దగ్గర పడింది. దానికి పెళ్లయి పిల్లలుండాలి.

చిల్లు తగ్గితే నొప్పి కూడా అంత తగ్గుతుందా అని నెదర్లాండ్స్ డాక్టర్లకు అనుమానం వచ్చింది. 328 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు గొట్టంతో, ఇంకో జట్టుకు మామూలు మైక్రోస్కోపు పద్ధతిలో చేశారు. ఏడాది పాటు చూసి 2009లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చేశారు. రోజువారీ పనులు చేసుకోవడంలో గొట్టం జట్టు పైచేయి ఏమీ లేదు. నడుం నొప్పి, కాలు నొప్పి అయితే గొట్టం జట్టులోనే కాస్త ఎక్కువగా మిగిలాయి. తేడా కొంచెమే, కానీ అది ప్రకటన చెప్పే దిక్కున లేదు. రక్తం తక్కువ పోతుందంటే, కండ తక్కువ నలుగుతుందంటే, కొన్ని పెద్ద ఆపరేషన్లలో మంచం మీది నుంచి తొందరగా లేస్తారంటే ఒప్పుకుంటాను. చెయ్యి తిరిగిన సర్జన్ చేతిలో అది మంచి పనిముట్టే. పనిముట్టును చూపించి పనిని అమ్మడమే నాకు మింగుడుపడనిది.

ఈ కొలతల పిచ్చి జనానికి ఎంత ఎక్కిందంటే, సిరిసిల్లలో ఒక పెళ్లికి పోతే భోజనాల దగ్గర దూరపు బంధువు ఒకాయన అంగీ పైకి లేపి వీపు చూపించాడు. “సూడన్నా, ఎక్కడ జేసిండ్రో కనవడ్తాందా?” నిజంగానే కనపడలేదు. “నొప్పి ఎట్లున్నదే?” అన్నాను. “అది ఉన్నది తియ్” అన్నాడు. మచ్చ లేనందుకు ఆయన ముఖంలో ఎంత సంతోషమో! పక్కనున్న ఇద్దరు ఆ ఆసుపత్రి నంబరు అడిగి రాసుకున్నారు. నొప్పి సంగతి వాళ్లు మళ్లీ అడగలేదు.

ఇక మిగతా సరుకు. రోబో అంటారు, అది స్క్రూ ఎక్కడ దిగాలో చూపుతుందేమో గానీ ఆ స్క్రూ నీకు అసలు కావాలా వద్దా అన్నది చెప్పదు. లేజర్ అంటారు, ఆ పేరునే బోర్డుకెక్కించుకొని అమెరికా అంతటా ప్రకటనలు గుప్పించిన ఫ్లోరిడాలోని లేజర్ స్పైన్ ఇన్‌స్టిట్యూట్ 2019 మార్చిలో ఉన్నట్టుండి షట్టర్ దించేసింది. ‘అదే రోజు ఇంటికి’ అంటారు, శంషాబాద్ వైపు నుంచి మా జగిత్యాలకు రెండొందల కిలోమీటర్లు, రాజీవ్ రహదారి మీద ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, పొద్దున కోసిన నడుముతో ఒక్కసారి కూర్చొని వచ్చి చూడండి.

చిల్లు సంగతి అట్లుంచి, అది ఎవరి వీపుకు పడాలో తేలుస్తున్న తీరు చూడండి. దోహాలో తీసిన ఎంఆర్ఐ ఫిల్మును కిటికీకి ఆనించి, ఫోన్‌తో ఫొటో కొట్టి వాట్సాప్ చేస్తే చాలు. టీ తాగేలోపు జవాబు వస్తుంది: ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్, ఆపరేషన్ అవసరం, ప్యాకేజీ ఇదీ. మనిషిని పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూసినవాడు లేడు. బొటనవేలును పైకి లేపమని దాని బలం చూసినవాడు లేడు. మోకాలి మీద సుత్తితో తట్టినవాడు లేడు. నొప్పి నడుములోనే ఉందా, కాల్లోకి దిగుతుందా అని అడిగినవాడు కూడా లేడు. ఎందుకు అడగాలంటే, డిస్క్ ముక్కను తీసేది కాలి నరం మీది ఒత్తిడి తగ్గించడానికి. కాలికి దిగని ఉత్త నడుం నొప్పికి ఆ ఆపరేషన్ సాధారణంగా మందు కాదు.

ఆ ‘బల్జ్’ అనే మాటతో మనుషులను చంపుతున్నారు. 1994లో అమెరికాలో ఏ నడుం నొప్పీ లేని 98 మందిని పట్టుకొచ్చి ఎంఆర్ఐ తీస్తే, సగానికి పైగా మందిలో ఎక్కడో ఒకచోట డిస్క్ ఉబ్బి కనిపించింది. నొప్పి లేనివాళ్లలో! నలభై దాటినవాడి నడుము ఫొటోలో ఏదో ఒకటి ఉబ్బి ఉండటం, నెత్తిమీద నాలుగు తెల్లవెంట్రుకలు ఉండటం వంటి ముచ్చటే. దాన్ని రిపోర్టులో ఇంగ్లిషులో రాసి, బీడీలు చుట్టే తల్లి చేతిలోనో, షట్టరింగ్ పని చేసే కొడుకు చేతిలోనో పెట్టి, “ఇప్పుడు చేయించకుంటే కాళ్లు పడిపోతయ్” అనడం వైద్యం కాదు. బెదిరింపు.

నిజంగా పరుగెత్తాల్సిన వేళలు కొన్ని ఉన్నాయి. మూత్రం ఆగిపోయి రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలమూత్ర మార్గాల చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ పోవడం. పాదం పైకి లేవకుండా వేలాడటం, కాళ్ల బలం రోజురోజుకూ తగ్గడం. అట్లాంటప్పుడు విమానం టికెట్టు కోసం, ప్యాకేజీ కోసం చూడొద్దు. ఉన్న ఊళ్లోనే, ఆ దేశంలోనే, దగ్గరి పెద్దాసుపత్రికి ఆ గంటలోనే పోవాలి. ఈ నాలుగు మాటలు ఏ ప్రకటనలోనూ లేవు. ఉంటే గిరాకీ పక్క ఆసుపత్రికి పోతుంది గదా.

మిగతావాళ్లలో చాలామందికి కాలు గుంజుడు ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. అట్లా తగ్గనివాళ్లు ఇంకా ఆగితే ఏమవుతుందో కూడా నెదర్లాండ్స్ డాక్టర్లే 283 మంది సయాటికా (కాలు గుంజుడు) రోగులను రెండు జట్లు చేసి, 2007లో చూపించారు. తొందరగా ఆపరేషన్ చేసిన జట్టుకు ఉపశమనం తొందరగా వచ్చింది. ఆగి చూసిన జట్టులో అందరూ ఆగలేదు, పది మందిలో నలుగురి దాకా తర్వాత ఆపరేషన్‌కే పోయారు. మిగిలినవాళ్లకు కత్తి అక్కర్లేకపోయింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ ఒక్క తీరుగానే ఉన్నాయి. అంటే ఆపరేషన్ కొనిపెట్టేది ముఖ్యంగా సమయాన్ని. ఆగలేని నొప్పి ఉన్నవాడు కొనుక్కోవచ్చు, తప్పులేదు. కానీ ఏం కొంటున్నాడో వాడికి తెలియాలి.

ఈ ఆసుపత్రుల వ్యాపారం నిలబడ్డదే ఆ సమయం మీద. పన్నెండు వారాలు ఆగు అని గల్ఫ్ కూలీకి చెప్పి చూడండి. మూడు నెలలు పని లేకుండా ఏ కంపెనీ ఉంచుకుంటుంది? క్యాంపు క్లినిక్‌లో సూది వేసి మళ్లీ సైట్‌కు తోలుతారు. రెండోసారి పడిపోతే చేతిలో టికెట్టు పెడతారు. వీసా కోసం ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు. వాడికి తొందర. ఆ తొందరను వాసన పట్టి, చిన్న చిల్లు, వారంలో పని అని ఎర వేస్తున్నారు. పెళ్లాం మెడలోని పుస్తెలతాడు ముత్తూట్‌కో మరెక్కడికో తాకట్టుకు పోతుంది. ఏజెంటు అప్పు మీద నడుము అప్పు. ఆపరేషన్ బాగానే జరిగిందనుకుందాం, తర్వాత మోయాల్సింది అదే బస్తా, ఎక్కాల్సింది అదే పరంజా. ఏ సర్జన్ ఎంత సన్నటి గొట్టం దూర్చినా ఆ బస్తా బరువు కిలో కూడా తగ్గదు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి రాష్ట్రం 5 లక్షలు ఇస్తానన్నది, 2024లో జీవో కూడా వచ్చింది. మంచిదే, ఎన్నో ఏళ్లు కొట్లాడితే వచ్చింది. మరి చావకుండా నడుము విరిగి వచ్చినవాడికి? వాడికి ‘హీల్ ఇన్ ఇండియా’ ఉన్నది, డబ్బులు కట్టు. తునికాకు కత్తిరిస్తూ, ఒళ్లో చేట పెట్టుకొని పొద్దంతా వంగి కూర్చున్న కోరుట్ల బీడీ కార్మికురాలికి నెలకు 2,016 రూపాయల భృతి వస్తుంది, అదీ పీఎఫ్ ఉంటేనే. ఒక్క ఎంఆర్ఐకే రెండు మూడు నెలల భృతి ఊడ్చుకుపోతుంది. సిరిసిల్లలో పన్నెండు గంటల షిఫ్టు సాంచాల (మరమగ్గాల) ముందు నిలబడేవాడి నడుముకు ఏ పర్యాటక విధానమూ లేదు, వాడు పరదేశి కాడు గదా. 10 లక్షల ఆరోగ్యశ్రీ ఉన్నదంటారు. బకాయిలు రాలేదని 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలనే ఆపేశాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, సంతోషం. మండలానికి ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టి, వీపు ఎట్లా వంచాలో, బరువు ఎట్లా ఎత్తాలో నేర్పిస్తే ఇందులో సగం మంది కత్తి దాకా పోరని నా గట్టి నమ్మకం. కానీ దానికి రిబ్బన్ ఎవరు కత్తిరిస్తారు? ఫిజియోథెరపీ చాపకు ప్రారంభోత్సవం చేసిన మంత్రిని మీరెప్పుడైనా చూశారా?

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే. చిల్లు ఎన్ని మిల్లీమీటర్లో అచ్చేసుకోండి, మీ స్కేలు మీ ఇష్టం. దాని పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో ఇంకో అంకె వేయండి: పోయిన ఏడాది మీ దగ్గరికి వచ్చిన నడుం నొప్పి మనుషుల్లో ఎంతమందిని ముట్టుకొని చూసి, “నీకు ఆపరేషన్ అవసరం లేదు, ఇంటికి పో” అని పంపారు? వందలో డెబ్బై అని రాసిన సర్జన్ దొరికితే చెప్పండి, మా వాళ్లను నేనే దోహా నుంచి పిలిపిస్తాను. ఆ అంకె వేయడానికి చెయ్యి రాని ఆసుపత్రికి మాత్రం వీపు చూపించకండి. ఫొటో కూడా పంపకండి.