కండువా మారింది సరే, కక్షలేం చేసుకోమంటారు?

రాజకీయ వైషమ్యాలు తగ్గించి పౌరుల మధ్య సామరస్యం పెంచడం ఎలా అని పట్నాల్లో పెద్దమనుషులు సదస్సులు పెడుతుంటారు. ఏసీ హాలు, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన. వక్తలందరూ తిరిగి తిరిగి ఒక్క మాట దగ్గరే తేలతారు: ఒకరి మాట ఒకరు వినాలి. ఆ మాట మాత్రం ఎవరూ వినరు. అప్పటికి భోజనాల వేళవుతుంది.

ఇంత ప్రయాస దేనికో నాకు అర్థం కాదు. వైషమ్యమన్నదే ఎరగని జాతి ఒకటి మన మధ్యే తిరుగుతోంది. వాళ్ళని చూసి నేర్చుకుంటే సరిపోయె. నేను చెప్పేది మన నాయకుల గురించి.

కాంగ్రెస్‌ని గద్దె దించడానికే 1982లో తెలుగుదేశం పుట్టింది. 2018 తెలంగాణ ఎన్నికలొచ్చేసరికి ఆ కాంగ్రెస్‌తోనే కలిసి మహాకూటమి కట్టింది. ఆ ఏడాది మార్చిలోనే బీజేపీకి విడాకులిచ్చి, 2024లో మళ్ళీ అదే మెళ్ళో దండ వేసింది. టీఆర్ఎస్ 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుని, సొంత రాష్ట్రం వచ్చాక ఇద్దరినీ విడివిడిగా భోంచేసింది. 2014లో తెలంగాణలో గెలిచిన 15 మంది తెలుగుదేశం ఎమ్మెల్యేల్లో 12 మంది, 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెస్ వాళ్ళలో 12 మంది గులాబీ గూటికి చేరారు. 2023లో గాలి తిరిగింది. ఈసారి 10 మంది గులాబీ ఎమ్మెల్యేలు ఎదురు దారి పట్టారని ఫిర్యాదు. వాళ్ళ సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కి చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రాలో సంగతి అందరికీ కంఠతా వచ్చు. 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్ళారు, 2017లో వాళ్ళలో నలుగురు మంత్రులయ్యారు, 2019లో తెలుగుదేశానికి వచ్చినవి లెక్కగా 23 సీట్లు. దేవుడు లేడనేవాళ్ళు కూడా ఆ రోజు ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకున్నారు.

చట్టం అడ్డురాదా అంటే, 1985లో వచ్చింది, 2003లో పదును పెట్టారు. ఒక్కడిగా వెళ్తే ఫిరాయింపు, పదవి పోతుంది. మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే విలీనం, దండలు పడతాయి. ఐకమత్యాన్ని ఇంత బాగా ప్రోత్సహించే చట్టం మరోటి చూపించండి.

కాబట్టి నాయకుల మధ్య గోడల్లేవు. పెళ్ళిళ్ళకి వెళ్ళి చూడండి. పొద్దున మైకు ముందు ఒకరి వంశాన్నొకరు కడిగేసుకున్నవాళ్ళు రాత్రి ఒకే సోఫాలో కూర్చుని బొబ్బట్టు తుంచుకుంటుంటారు. గోడలన్నీ గేటు బయటే. అక్కడ రెండు పార్టీల అనుచరులు కార్లు ఎవరివి ముందు పెట్టాలో తేల్చుకోలేక కాలర్లు పట్టుకుంటుంటారు.

గుంటూరు వైపు నేనెరిగిన ఊరొకటుంది. పేరు రాస్తే ఏ పార్టీ పేపరులో రాశావని అడుగుతారు, అందుకని రాయను. ఊళ్ళో టీ కొట్లు రెండు. ఒక్కోదాంట్లో ఒక్కో చానెలు. ఆ కొట్లో రాష్ట్రం వెలిగిపోతుంటుంది, ఈ కొట్లో అదే రాష్ట్రం అదే నిమిషంలో తగలబడిపోతుంటుంది. మధ్యలో రోడ్డు మీద నిలబడితే వానొచ్చేలా ఉందో లేదో తప్ప ఇంకేం తెలియదు. రెండు కొట్లకీ పాలు పోసేవాడు మాత్రం ఒకడే. తెల్లారగట్లే వచ్చి, జనం లేవకముందే క్యాను దులుపుకుని పోతాడు, తన గేదెది ఏ పార్టీ అని ఎవరైనా అడుగుతారేమోనని. వినాయకుడికి పందిళ్ళు రెండు, నిమజ్జనం ఊరేగింపులు రెండు, బందోబస్తుకొచ్చే కానిస్టేబుల్ ఒక్కడు. పెళ్ళి ఫ్లెక్సీలో నాయకుడు నిలువెత్తున నమస్కారం పెడుతుంటాడు. వధూవరులు ఆయన మోచేతి కింద స్టాంపు సైజులో ఉంటారు. ఆ ఫ్లెక్సీ చూసే వెళ్ళాలా వద్దా అన్నది తేల్చుకుంటారు, శుభలేఖ చూసి కాదు.

ఆ ఊరి పంచాయతీ ఆఫీసు గోడని గోటితో గీకండి. పైన సున్నం తెలుపు. దాని కింద మట్టి రంగు. ఇంకా గీకితే నీలం, ఆకుపచ్చ. మట్టి రంగు ఎలా వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. పంచాయతీ భవనాలకి పార్టీ రంగులేమిటి, తీసెయ్యమని 2020లో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం తీసెయ్యలేదు, మట్టి రంగు పట్టీ ఒకటి అదనంగా కలిపి, ఇవన్నీ పల్లె జీవితానికి గుర్తులంటూ 623 నంబరు జీవో ఇచ్చింది. మే నెలలో హైకోర్టు ఆ జీవోనీ కొట్టేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు కూడా తీసెయ్యమనే చెప్పింది. అంతకుముందు అన్న క్యాంటీన్లు పచ్చగా మెరిసేవి. 2019లో ప్రభుత్వం మారగానే అవి మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. అయిదు రూపాయల అన్నం అయిదేళ్ళు పస్తుంది. ఆ అయిదేళ్ళూ ఆకలి ఏ రంగులో ఉందో కనుక్కోమని ఏ కోర్టూ చెప్పలేదు.

ఇక ఆ ఊళ్ళో తోడల్లుళ్ళ సంగతి చెప్పాలి. పెద్దాయన్ని నేను బాబాయ్ అంటాను. అక్కచెల్లెళ్ళని చేసుకున్నారు, పక్కపక్క పొలాలు, ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. పెద్దాయన పసుపు, చిన్నాయన నీలం. 2019 ఫలితాల రోజున చిన్నాయన వీళ్ళ గుమ్మం ముందు పదివేల వాలా కాల్చాడు. పెద్దాయన ఆ కాగితం ముక్కలు ఊడ్వనివ్వలేదు, వానకి కొట్టుకుపోయేదాకా అలాగే ఉంచి రోజూ చూసుకునేవాడు. 2024లో వడ్డీతో తీర్చాడు. ఈ మధ్యకాలమంతా బోరు మోటారుకి టైము పెట్టుకున్నారు, పొద్దున ఆరు నుంచి పది ఒకరిది, ఆ తర్వాత రెండోవాళ్ళది. స్టార్టర్ డబ్బాకి తాళాలు రెండు. మాటలు లేవు. కరెంటు బిల్లు వాటా అడగాలంటే పెద్దాయన పెరట్లో నిలబడి తన భార్యతో గట్టిగా అంటాడు, "మీ చెల్లెలి మొగుడికి చెప్పు." గోడవతల నుంచి చిన్నాయన తన భార్యతో, "విన్నానని మీ అక్క మొగుడికి చెప్పు." అక్కచెల్లెళ్ళిద్దరూ మధ్యాహ్నం పూట కలిసి వడియాలు పెట్టుకుంటూ, ఎవరి మొగుడు ఎక్కువ వెర్రివాడో పోటీలు పడతారు.

ఉన్నట్టుండి ఒక రోజు చిన్నాయన నాయకుడు కండువా మార్చాడు. పొద్దున తొమ్మిదింటికి పాత పార్టీలో ఉన్నవాడు పదకొండుకి పెద్దాయన పార్టీలో తేలాడు. నియోజకవర్గ అభివృద్ధి కోసమట. అదేమిటో, మన నియోజకవర్గాలు ఎప్పుడూ అధికార పక్షం వైపే అభివృద్ధి చెందుతాయి. నాయకుడి వెనక చిన్నాయన కూడా వెళ్ళి మెడ వంచాడు. తోడల్లుళ్ళిద్దరిదీ ఇప్పుడొకటే పార్టీ.

సామరస్యం వెల్లివిరియాలి కదా. నేను వెళ్ళేసరికి పెద్దాయన గట్టు మీద దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"ఏంది బాబాయ్, సంతోషమేగా?"

"సంతోషమేందిరా? నిన్న మీటింగులో ఆడికి నా పక్కన కుర్చీ ఏశారు. ఇన్నేళ్ళు ఆడి మొహం చూళ్ళా. ఇప్పుడు జై కొట్టమంటే ఇద్దరం ఒకేసారి కొట్టాల్సొచ్చింది."

"పలకరించావా?"

"ఏమని పలకరిస్తా? నా తలకి ఏడు కుట్లు పడ్డది ఆడి మనుషుల వల్లేగదా. ఆ కేసు ఇంకా నడుస్తానే ఉంది. మా ఎమ్మెల్యేని అడిగితే, ఇప్పుడాళ్ళు మనోళ్ళే గదా, పెద్ద మనసు చేసుకోమన్నాడు. ఆయన పెద్ద మనసు చేసుకున్నాడు, మంత్రి పదవి మాట వినపడతంది. నేను చేసుకుంటే నాకేమొస్తది?"

ఆయన అడిగింది న్యాయమే. అందుకని సదస్సుల వాళ్ళ సౌకర్యార్థం ఒక ముసాయిదా తయారుచేశాను. పేరు అనుచరుల కక్షల పరిరక్షణ బిల్లు. నాయకుడు కండువా మార్చే ముందు నెలరోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నెలలో అనుచరులు మాటలు లేనివాళ్ళతో మాట కలుపుకోవడానికి, ఫోన్లలో పెట్టిన పాత పోస్టులు తుడుచుకోవడానికి వెసులుబాటు ఉండాలి. తలకి పడ్డ కుట్లకి కుట్టుకింతని నాయకుడి ఆస్తుల్లోంచి పరిహారం. నాయకుడితోపాటు అనుచరుడి మీదున్న కేసు కూడా పార్టీ మారాలి, అతనొక్కడే వాయిదాలకి తిరిగితే కుదరదు. తప్పిపోయిన పెళ్ళి సంబంధాలకి నాయకుడే మధ్యవర్తిగా వెళ్ళాలి, దారి ఖర్చులు సొంతం. చివరిగా, వీఐపీ పెళ్ళిళ్ళలో ఆ సోఫా దృశ్యాన్ని పల్లెపల్లెనా తెర కట్టి ప్రత్యక్షంగా చూపించాలి. ఈ ఒక్క సెక్షను అమలైతే మిగతావి లేకపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఇదంతా కొత్త ఆలోచన అనుకోకండి. పన్నెండో శతాబ్దంలోనే పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని చెప్పుకుంటాం. కారెంపూడిలో ఏటా జరిగే వీరుల తిరునాళ్ళలో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. ఆ మర్నాడు కోడిపోరు. ఆ వరుస పెట్టిన పెద్దలకి మన సంగతి బాగా తెలుసన్నమాట. అదే పల్నాడులో 2024 మే 13న పోలింగ్ అయ్యాక చెలరేగిన గొడవలకి 144 సెక్షన్ పెట్టారు, అధికారుల మీద వేటు పడింది, దర్యాప్తుకి సిట్ వేశారు, బంకుల్లో సీసాల్లోకి పెట్రోలు పొయ్యొద్దన్నారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతటా దాదాపు 82 శాతం మంది ఓటేశారు. ప్రజాస్వామ్యం మీద మనకున్న ప్రేమని శంకించడానికి వీల్లేదు, దానికి పెట్రోలు ఎందుకన్నదే ప్రశ్న.

బిల్లు కాగితం పట్టుకుని మళ్ళీ బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని సాంతం చదివాడు. కుట్ల సెక్షను దగ్గర తల తడుముకున్నాడు.

"బాగానే రాశావు గానీ, నాకిది అక్కర్లేదురా. నేను అవతలికి పోతన్నా."

"అవతలికంటే? నీలంలోకా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పసుపేగదా బాబాయ్!"

"మరేం చెయ్యమంటావు? ఆడు నా పార్టీలో ఉంటే నేనెట్టా తిట్టేది? పైవాళ్ళు ఊరుకోరు. ఇయ్యాల రేపట్లో మండలం వాళ్ళు కండువా కప్పుతామన్నారు."

"మరి నెల ముందు నోటీసు?"

"ఆడికేగా ఇయ్యాల్సింది? ఇచ్చేశా. పొద్దున పెరట్లో నిలబడి మీ పిన్నితో చెప్పా."