వెనక సీటు చుట్టాలు

ఈ ఆత్మకథ 1967 నాటి నల్ల షెవర్లే ఇంపాలాది. అయినా ఇందులో ‘నేను’ కనబడదు. ‘సూపర్‌నేచురల్’ అనే అమెరికన్ హారర్ సీరియల్‌లో ఆ ఒక్క పాత్రను ఒకే పోలిక బండ్లు కొన్ని కలిసి వేశాయి. దగ్గరి షాట్లకు ఒకటి, గుద్దించడానికి ఒకటి, కెమెరా పట్టేలా కోసి పెట్టింది మరొకటి. ఇక ‘నేను’ అనే హక్కు వీటిలో దేనికి? అందుకే బండి తన సంగతినీ పరాయివాళ్ల సంగతిలాగే చెబుతుంది.

నిజానికి ఈ వేషం దీనికి రావలసింది కాదు. సీరియల్‌ను పుట్టించిన ఎరిక్ క్రిప్కీ మొదట 1965 మోడల్ మస్టాంగ్ అనుకున్నాడు. ఇంపాలా పెట్టు, డిక్కీలో శవం పడుతుంది అని పక్కింటాయన సలహా ఇచ్చాడు. హారర్ సీరియల్‌లో చేరడానికి ఇంతకంటే అర్హత ఏం కావాలి! ఆ డిక్కీలో ఎక్కువగా మోసింది మాత్రం తుపాకులూ, ఉప్పూ. ఆ కథలో దయ్యాలకు ఉప్పు పడదు. మన ఇళ్లలో దిష్టి తీసే ఉప్పుకు అక్కడా ఉద్యోగం దొరికిందన్నమాట.

మొదటి ఎపిసోడ్ 2005 సెప్టెంబర్ 13న వచ్చింది. ముందు సీట్లు రెండూ రెగ్యులర్ నటులవి: డీన్‌గా జెన్సెన్ ఆకిల్స్, తమ్ముడు శామ్‌గా జారెడ్ పడలెకీ. వెనక సీటు వచ్చీపోయేవాళ్లది. ఆ రోజు అందులో కూర్చున్న గెస్టు సారా షాహీ, తెల్లబట్టల దయ్యం వేషంలో. శామ్ కళ్లెత్తి అద్దంలో చూస్తే వెనక ఆవిడ, ఇంటికి తీసుకెళ్లమంటుంది. తలుపులు బిగుసుకుంటాయి. స్టీరింగ్ ఎవరి మాటా వినదు. చివరికి శామ్ బండిని ఆవిడ పాడుబడ్డ ఇంటి గోడలోంచి లోపలికే తోలేస్తాడు. ఒక్క ఎపిసోడ్ చుట్టానికి ఇంత మర్యాద!

ఇన్నేళ్లలో బండికి అర్థమైనదేమిటంటే, భయం ముందు సీట్లలో పుట్టదు. అన్నదమ్ములిద్దరికీ వచ్చే వారం షూటింగ్ ఉందని ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకూ తెలుసు. ఎపిసోడ్ మొదట్లో వచ్చే ముక్కూమొహం తెలియని మనిషికి ఆ ధీమా లేదు. ఆ రెండు మూడు నిమిషాల్లో అతను నమ్మించగలిగితేనే తర్వాతి కథ నిలబడుతుంది. మూడో ఎపిసోడ్‌లో అమీ యాకర్ స్నానాల తొట్టిలో పడుకుని ఉంటే, నీళ్లు నల్లగా మారి ఆమెను లోపలికి లాగుతాయి. అక్కడ రాక్షసుడూ లేడు, కోరలూ లేవు. ఉన్నవి మురికి నీళ్లూ, ఆమె మొహమూ. ఆ సన్నివేశం ముందు ముందుసీటు వీరులు ఎన్ని తుపాకులు పేల్చినా తక్కువే.

గెస్టును ఎంచుకోవడంలో చిలిపితనమూ ఉండేది. 1973లో ‘ది ఎక్సార్సిస్ట్’లో దయ్యం పట్టిన పిల్లగా లోకాన్ని వణికించిన లిండా బ్లెయిర్‌ను 2006లో పోలీసు డిటెక్టివ్‌గా పిలిచారు. ఆవిడను ఎక్కడో చూసినట్టుందని డీన్ అంటాడు, ఆ వెంటనే బఠాణీ సూప్ తాగాలనిపిస్తోందంటాడు. పాత సినిమాలోని వాంతి సన్నివేశం గుర్తున్నవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

చుట్టపుచూపుగా వచ్చి ఇంటివాడైపోయినవాడు మిషా కాలిన్స్. 2008 సెప్టెంబర్‌లో కాస్టియెల్ అనే, కోటు తొడుక్కున్న దేవదూతగా దిగాడు. కొన్ని ఎపిసోడ్ల కోసమే పిలిచారు. జనానికి నచ్చాడు, మరుసటి సీజన్‌కే రెగ్యులరయ్యాడు. మధ్యలో మళ్లీ గెస్టుగా దిగి, మళ్లీ రెగ్యులర్‌గా ఎక్కాడు. తొలిసారి కొట్టం తలుపులు బద్దలుకొట్టుకుని వచ్చినప్పుడు ఎంత గగుర్పాటు! అలవాటైపోయాక వెనక సీట్లో ఆ కోటు మనిషి ఇంట్లో మనిషే, ఇక ఎవరు జడుస్తారు?

కాంట్రాక్టు కాగితాన్ని మరీ నమ్మడానికీ లేదు. 2007లో రెగ్యులర్లుగా చేర్చుకున్న కేటీ కాసిడీ, లారెన్ కోహన్ ఆ ఒక్క సీజన్‌తోనే వెళ్లిపోయారు. పాత కార్ల దొడ్డి నడిపే బాబీగా 2006లో వచ్చిన జిమ్ బీవర్ గెస్టుల వరుసలోనే ఉంటూ, ఆ అన్నదమ్ములకు తండ్రి తర్వాత తండ్రంతటివాడయ్యాడు.

ఇక బండి పని గురించి. కథ కాన్సస్‌లో మొదలైనా సీరియల్ షూటింగ్ ఎక్కువగా కెనడాలోని వాంకూవర్‌లో జరిగింది. చీకటి ఫ్లోర్‌లో బండి కదలకుండా ఉండేది. ఒకరు కింద కర్ర పెట్టి మెల్లగా ఊపేవారు, ఇంకొకరు లైటును కిటికీ పక్కనుంచి జరిపేవారు. తెర మీద అదే అర్ధరాత్రి హైవే. ఈ మోడల్‌కు ముందు, వెనక కిటికీల మధ్య స్తంభం లేదు కాబట్టి అద్దాలు దించితే లోపలివాళ్ల మొహాలు అడ్డం లేకుండా దొరికేవి.

2015 అక్టోబర్ 28న దీనికి సొంత ఎపిసోడ్ వచ్చింది. పేరు ‘బేబీ’. కెమెరా ఆసాంతం ఈ బండినే అంటిపెట్టుకుని ఉంటుంది. దయ్యాల వేట బయటెక్కడో జరుగుతుంటే మనకు కనబడేది కిటికీలోంచి పట్టినంతే. బీర్లకని పెట్టుకున్న ఐస్‌పెట్టెలోకి చివరికి తెగిన తల చేరుతుంది. సీరియల్ మొత్తంలో గెస్టులకూ రెగ్యులర్లకూ సమానంగా చోటిచ్చిన ఎపిసోడ్ ఇదేనని బండి అభిప్రాయం. సొంత సినిమా గొప్ప చెప్పుకోవడం నటులందరికీ ఉన్న జబ్బే, దీన్ని మాత్రం ఎందుకు తప్పుపట్టాలి?

2020 నవంబర్ 19న, 327వ ఎపిసోడ్‌తో కథ ముగిసింది. స్వర్గానికి చేరిన డీన్‌ను పలకరించింది బాబీయే. పక్కనే మొదటి నాటి కాన్సస్ నంబర్ ప్లేటుతో ఈ బండి. షూటింగ్ అయ్యాక దగ్గరి షాట్లలో వాడిన అసలు ఇంపాలాను ఆకిల్స్ తన ఇంటికి తీసుకెళ్లాడు.